రేడియో తారలకు దాగిన తోడు ఉందా? పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

పని ఇది. రేడియో తరంగాలు వెలువరించే దగ్గరి నక్షత్రాల జాబితా తయారుచేయాలి. వాటిలో దేనికి ఇంతవరకు గుర్తించని తోడు నక్షత్రం ఉందో వెతకాలి. ఉంటే, ఆ తోడు వల్లనే రేడియో వస్తోందా అన్నది తేల్చాలి. మూడోదే అసలు పని. చాలామంది రెండోదాని దగ్గర ఆగిపోతారు కాబట్టి ఈ డైరీలో దాని గురించి ఎక్కువ రాస్తున్నాను.

తోడు కోసం ఎందుకు వెతకాలి? వయసు పెరిగేకొద్దీ నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే వేగం తగ్గుతుంది. దాంతోపాటు రేడియోను పుట్టించే అయస్కాంత చురుకుదనమూ తగ్గుతుంది. ముసలి నక్షత్రం ఇంకా గిర్రున తిరుగుతూ రేడియోలో వెలుగుతోందంటే, దగ్గర్లో ఉన్న తోడు ఆటుపోట్ల బలంతో దాన్ని తిప్పుతుండవచ్చు. ఆర్‌ఎస్ కానమ్ వెనాటికోరమ్ రకం జంటలు ఇలాంటివే. ఆ రకానికే చెందిన హెచ్‌ఆర్ 1099లో రెండు నక్షత్రాలు 2.84 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. అందులోని పెద్దది కూడా దాదాపు అంతే సమయంలో తన చుట్టూ తాను తిరుగుతుంది.

పని చేసేది నేనూ, మా తమ్ముడూ. నేను లెక్కల టీచర్‌ని. తమ్ముడిది పర్లాకిమిడిలో మోటార్ వైండింగ్ షాపు. లాప్‌టాప్ ఒకటి, డాబా ఒకటి ఉన్నాయి. వాడిన సమాచారమంతా ఎవరైనా ఉచితంగా దించుకోగలిగిందే.

దశ 1: జాబితా కలపడం

నక్షత్రాల వైపు, వాటి స్థానాలూ కదలికలూ కొలిచిన గయా ఉపగ్రహం మూడో విడుదల తీసుకున్నాం. ఇది 2022 జూన్ 13న వచ్చింది. రేడియో వైపు అమెరికాలోని వీఎల్‌ఏ యాంటెన్నాలు 2 నుంచి 4 గిగాహెర్ట్జ్‌ల మధ్య తీసిన ఆకాశ సర్వే తీసుకున్నాం. దీన్ని వీలాస్ అంటారు. దాని బొమ్మల్లో 2.5 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వరకు వివరం తెలుస్తుంది.

1. గయా జాబితా నుంచి 100 పార్సెక్కుల (ఒక పార్సెక్కు సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) లోపు, 10వ ప్రకాశ తరగతి కన్నా ప్రకాశవంతమైన, ఆకాశ అక్షాంశం మైనస్ 20 డిగ్రీలకు ఉత్తరంగా ఉన్న నక్షత్రాలు తీసుకున్నాం. సుమారు 13 వేలు వచ్చాయి.
2. పట్టికలను జతకట్టే టాప్‌క్యాట్ ప్రోగ్రాములో రెండు జాబితాలూ తెరిచాం.
3. 10 ఆర్క్‌సెకన్ల లోపు పడిన జతలన్నీ తీశాం. 52 వచ్చాయి.

ఈ 52ని నమ్మడానికి లేదు. వీలాస్ జాబితాలో చదరపు డిగ్రీకి సుమారు 50 రేడియో మూలాలుంటాయి. వాటిలో దాదాపు అన్నీ దూరపు గెలాక్సీలే. 10 ఆర్క్‌సెకన్ల వ్యాసార్థం ఉన్న వృత్తం వైశాల్యం 314 చదరపు ఆర్క్‌సెకన్లు. ఒక చదరపు డిగ్రీలో 1 కోటీ 29 లక్షల 60 వేల చదరపు ఆర్క్‌సెకన్లుంటాయి. అంటే ఒక్కో నక్షత్రానికి ఊరికే జత పడే అవకాశం వెయ్యికి 1.2. ఈ లెక్కన 13 వేల నక్షత్రాలకు దాదాపు 16 ఉత్తుత్తి జతలు పడాలి.

కాగితం మీద లెక్క సరిపోదు, పరీక్ష కూడా చేయాలి. నక్షత్రాల స్థానాలన్నిటినీ 2 ఆర్క్‌నిమిషాలు పక్కకు జరిపి మళ్లీ జతకట్టాం. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగు వైపులా జరిపి సగటు తీస్తే 17 జతలు వచ్చాయి. అక్కడ నక్షత్రాలు లేవు కాబట్టి ఆ 17 మొత్తం యాదృచ్ఛికమే. కాగితం మీద వచ్చిన 16కి ఇది దగ్గరగా ఉంది, కనుక పద్ధతి సరైనదే. ఈ పని మొదలుపెట్టే ఎవరైనా ఈ జరుపుడు పరీక్ష చేయకుండా ముందుకు పోవద్దు.

ఇక వ్యాసార్థాన్ని 2 ఆర్క్‌సెకన్లకు తగ్గించాలి. ఉన్నదున్నట్టు తగ్గిస్తే మంచి జతలు కూడా పోతాయి. కారణం స్వీయ చలనం, అంటే ఆకాశంలో నక్షత్రం ఏటా జరిగే జరుగుడు. గయా స్థానాలు 2016.0 నాటివి. వీలాస్ మొదటి విడత 2017 నుంచి 2019 వరకు సాగింది. దగ్గరి నక్షత్రాలు ఆలోగా జరిగిపోతాయి. పరీక్షకని యూవీ సెటీని జాబితాకు బయటినుంచి తెచ్చి చూశాం. అది ఏడాదికి 3.4 ఆర్క్‌సెకన్లు కదులుతుంది. రెండున్నరేళ్లకు 8 ఆర్క్‌సెకన్లు దాటుతుంది. ప్రసిద్ధి చెందిన రేడియో తారే మన వలలో పడకపోతే వల మార్చాలి.

మార్పు: ప్రతి రేడియో బొమ్మ తీసిన తేదీ చూసి, ఆ నక్షత్రాన్ని ఆ తేదీ నాటి స్థానానికి జరిపి, అప్పుడు 2 ఆర్క్‌సెకన్లలోపు వెతికాం. 36 జతలు వచ్చాయి. జరుపుడు పరీక్షలో 1 మాత్రమే వచ్చింది.

ఇప్పటికి లెక్క: జతలు 36. వీటిలో యాదృచ్ఛికం అనుకోదగ్గది 1.

దశ 2: బొమ్మలు కంటితో చూడడం, ఎక్స్-కిరణాల పరీక్ష

36 బొమ్మలూ ఒక్కొక్కటిగా తెరిచి చూశాం. మూడు బొమ్మల్లో రేడియో చుక్క నిజమైనది కాదు. పక్కనున్న బలమైన మూలం చుట్టూ ఏర్పడే చారల్లో ఒక ముక్క నక్షత్రం మీద పడింది. జాబితాలో అది మూలంగానే నమోదైంది. ఈ పని కంప్యూటర్‌కు వదలకూడదు. ఇది కళ్లతోనే చేయాలి.

తర్వాత ఎక్స్-కిరణాలు. అయస్కాంత చురుకుదనం ఉన్న నక్షత్రాల్లో ఎక్స్-కిరణాల శక్తికీ రేడియో శక్తికీ ఒక నిష్పత్తి ఉంది. గూడెల్, బెంజ్ 1993లో చూపింది ఇదే. ఎక్స్-కిరణాల శక్తిని రేడియో శక్తితో భాగిస్తే 10 ఘాతం 15.5 హెర్ట్జ్‌ల దగ్గర తేలుతుంది. దీన్ని వాడడం తేలిక.

1. 30 పార్సెక్కుల దూరంలో ఉన్న నక్షత్రం 1 మిల్లీజాన్‌స్కీ (మనకు అందే రేడియో బలానికి కొలత) రేడియో ఇస్తే, దాని రేడియో శక్తి హెర్ట్జ్‌కు సెకనుకు 1.1 × 10 ఘాతం 15 ఎర్గులు.
2. దాన్ని 10 ఘాతం 15.5తో గుణిస్తే ఎక్స్-కిరణాల్లో సెకనుకు సుమారు 3.4 × 10 ఘాతం 30 ఎర్గులు ఉండాలి.
3. అంత దగ్గర్లో అంత శక్తి ఉంటే రోశాట్ ఉపగ్రహం తన ఆకాశ సర్వేలో సులభంగా పట్టి ఉండాలి.

మా 33లో 31 రోశాట్ జాబితాలో ఉన్నాయి. రెండు లేవు. అవి వెనకనున్న గెలాక్సీ వల్ల పడిన జతలు కావచ్చు, లేదా ఈ నిష్పత్తికి లొంగని మరో రకం రేడియో కావచ్చు. అందుకని వాటిని కొట్టివేయలేదు, వేరే పట్టికలో పెట్టాం.

ఇప్పటికి లెక్క: మిగిలినవి 31. వీటిలో జంట అని ముందే తెలిసినవి 19. తేల్చాల్సినవి 12.

మన గడ్డ మీది జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు 150 మెగాహెర్ట్జ్ సర్వేలో కూడా ఈ 12 కోసం వెతికాం. ఒక్కటీ లేదు. ఆ సర్వేలో వివరం 25 ఆర్క్‌సెకన్లు, గోలే (నాయిజ్) కొన్ని మిల్లీజాన్‌స్కీలు. కనుక లేకపోవడాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

దశ 3: ఏ పనిముట్టు ఏ తోడును చూడగలదు?

ఈ దశ మీద ఎక్కువ సమయం పెట్టాం. ప్రాజెక్టు మొత్తానికి ఇదే కీలకమని నా గట్టి నమ్మకం.

మొదట రూవే అనే అంకె చూశాం. నక్షత్రం ఒంటరిది అనుకుని గయా దాని దారిని లెక్క కడుతుంది. లెక్క బాగా కుదిరితే రూవే 1 దగ్గర ఉంటుంది. 1.4 దాటితే ఏదో దాన్ని ఊపుతోందని అనుమానించవచ్చు. మా 12లో 4 నక్షత్రాలకు 1.4 దాటింది.

రూవే మీద ఎంత ఆధారపడవచ్చో చూద్దామని, జంటలని ముందే తెలిసిన 19 నక్షత్రాలకూ అదే పరీక్ష పెట్టాం. సగానికి పైగా పట్టుబడలేదు. కొన్ని రోజుల్లోనే చుట్టు పూర్తిచేసే జంటల్లో నక్షత్రం అటూ ఇటూ కదిలే దూరం చాలా చిన్నది. హెచ్‌ఆర్ 1099 రెండు నక్షత్రాల మధ్య ఎడం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో 20వ వంతే. అది ఇక్కడినుంచి 2 మిల్లీ ఆర్క్‌సెకన్లు కూడా ఉండదు. ఉమ్మడి వెలుగు కేంద్రం కదిలేది అంతకన్నా తక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు నక్షత్రాలూ బరువులోనూ వెలుగులోనూ సమానమైతే, రెండు కుండలూ సమానంగా ఉన్న కావడి లాగా వెలుగు కేంద్రం నడుమనే నిలుస్తుంది. అలాంటప్పుడు రూవే మామూలుగానే ఉంటుంది.

అంటే రేడియోకు కారణం కాగలిగిన అతి దగ్గరి తోడులనే రూవే సరిగా చూడలేదు. రూవే తక్కువుంది కాబట్టి ఒంటరిది అని రాసుకుంటే జాబితా మొత్తం తప్పుతుంది. అందుకే ప్రతి నక్షత్రానికీ ఒక వరుస రాసి, ఏ పనిముట్టుతో ఏ కాలవ్యవధి చూశామో గుర్తు పెట్టడం మొదలుపెట్టాం.

1. గయా రేడియల్ వేగం (నక్షత్రం మన వైపు లేదా మనకు దూరంగా కదిలే వేగం): గంటల నుంచి రెండు మూడేళ్ల వరకు. మూడో విడుదలలో 34 నెలల పరిశీలనలే ఉన్నాయి. జంట కక్ష్య మనకు పూర్తిగా ఎదురుగా పరిచినట్టుంటే వేగంలో మార్పు కనబడదు.
2. రూవే: నెలల నుంచి సుమారు పదేళ్ల వరకు.
3. గయాకు ముందు ఇదే పని చేసిన హిప్పార్కోస్ ఉపగ్రహానికీ గయాకూ మధ్య తేడా: కొన్నేళ్ల నుంచి దశాబ్దాల వరకు.
4. టెస్ ఉపగ్రహం ఇచ్చే కాంతి వక్రం (కాలంతో పాటు వెలుగు మారే తీరు): ఒక నక్షత్రం రెండోదాన్ని కప్పే గ్రహణాలైతే దాదాపు 13 రోజుల వరకు.

రేడియల్ వేగానికి పెట్టిన షరతులు ఇవి: కనీసం 10 సార్లు చూసి ఉండాలి, వేగం స్థిరమనే ఊహకు సంభావ్యత 0.01 మించకూడదు, సవరించిన అమరిక అంకె (కొలతలు ఆ ఊహకు ఎంత కుదరలేదో చెప్పేది) 4 దాటాలి, ఉష్ణోగ్రత 3900 నుంచి 8000 కెల్విన్ల మధ్య ఉండాలి. 12లో 3 ఈ షరతులకు నిలిచాయి. వాటిలో ఒకటి రూవేలో కూడా ఉంది.

మూడో వరుసకు వాడింది 2021లో బ్రాంట్ వెలువరించిన త్వరణాల జాబితా. హిప్పార్కోస్ 1991.25లో చెప్పిన చోటికీ, గయా 2016.0లో చెప్పిన చోటికీ మధ్య 24.75 ఏళ్లు ఉన్నాయి. ఈ రెండు చోట్లనూ కలిపితే సగటు చలనం వస్తుంది. గయా విడిగా కొలిచిన చలనం దానితో సరిపోకపోతే నక్షత్రం దారి వంగుతోందన్నమాట. తేడాకు కై-వర్గం (కొలత తప్పుతో పోలిస్తే తేడా ఎంత పెద్దదో చెప్పే అంకె) 11.8 దాటితే లెక్కలోకి తీసుకున్నాం. రెండు దిశల్లో కొలతకు 3 సిగ్మా అంటే ఇదే. ఈ పద్ధతి చాలా సున్నితమైనది. 20 పార్సెక్కుల దూరంలో ఏడాదికి 1 మిల్లీ ఆర్క్‌సెకను తేడా అంటే సెకనుకు 95 మీటర్ల వేగం. దీనితో కొత్తగా 2 నక్షత్రాలు వచ్చాయి.

ఇప్పటికి లెక్క: 12లో ఏదో ఒక తోడు జాడ ఉన్నవి 8. జాడ లేనివి 4.

దశ 4: తోడు కారణమా, తోడే మూలమా?

ఈ 8ని పట్టుకుని 'మూడింట రెండు వంతుల రేడియో తారలకు తోడు దొరికింది' అని ప్రకటించవచ్చు. అంకె నిజమే, కానీ రేడియో గురించి అది చెప్పేది తక్కువ.

పదేళ్లకోసారి చుట్టి వచ్చే తోడు ఆటుపోట్లతో నక్షత్రాన్ని తిప్పలేదు. ఈ బలం దూరంతో పాటు చాలా వేగంగా పడిపోతుంది. మా 8లో నెలలు, సంవత్సరాల కక్ష్యలను సూచించేవి 5. రేడియల్ వేగం మారుతున్నవి 3. తిప్పగలిగిన తోడు ఉండవచ్చని చెప్పదగ్గవి ఈ మూడే.

తోడు దొరికినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదనడానికి జీజే 1151 అనే నక్షత్రం మంచి ఉదాహరణ. 2020లో యూరప్‌లోని లోఫార్ రేడియో టెలిస్కోపు దాని రేడియోను పట్టింది. కొద్ది రోజుల్లో చుట్టే చిన్న గ్రహం కారణం కావచ్చన్నారు. 2021లో ఒక బృందం రెండు రోజుల కక్ష్య ఉన్న గ్రహం జాడ చెప్పింది. అదే ఏడాది మరో బృందం కాదంది. 2023లో ఒక గ్రహం దొరికింది గానీ దాని కక్ష్య సుమారు 390 రోజులు. అంత దూరం నుంచి ఆ రేడియోను పుట్టించలేదు.

మరి మిగిలిన 5? వాటికి రెండో దారి ఉంది. రేడియో వెలువరించేది మనం చూస్తున్న నక్షత్రం కాకుండా, పక్కనున్న మసక తోడే కావచ్చు. ఆల్గాల్ అనే జంటలో జరిగిందిదే. కంటికి కనబడే వెలుగు వేడి నక్షత్రానిది, రేడియో మాత్రం పక్కనున్న చల్లని నక్షత్రానిది. ఖండాల దూరంలోని యాంటెన్నాలను కలిపి చూశాకే అది తేలింది. ఏబీ డొరాడస్ అనే నక్షత్రానిది ఇంకో రకం కథ. దాని రేడియో స్థానం వంకరగా కదలడాన్ని బట్టి 1997లో ఒక చిన్న తోడు ఉందని చెప్పారు. 2005లో దాని బొమ్మ తీశారు.

వీలాస్ స్థానాలతో ఈ పని చేయవచ్చా అని ప్రయత్నించాం. కుదరలేదు. మా 5లో తోడు ఎడం చాలావరకు అర ఆర్క్‌సెకనుకు లోపే ఉండాలి. వీలాస్ త్వరిత బొమ్మల్లో స్థానం తప్పే అంత ఉంటుంది. అందుకని ఈ 5 ఎదుట 'తోడు ఉంది, సంబంధం తెలియదు' అనే రాసుకున్నాం.

ఇప్పటికి లెక్క: తోడు కారణం కాగలిగినవి 3. తోడు ఉన్నా సంబంధం తేలనివి 5. జాడ లేనివి 4.

దశ 5: టెస్ కాంతి వక్రాలు

జాడ లేని 4ను, టెస్ డేటా చదివే లైట్‌కర్వ్ ప్రోగ్రామ్ ప్యాకేజీతో చూశాం. నక్షత్రం మీది మచ్చలు తిరిగి వచ్చేకొద్దీ వెలుగు మారుతుంది, దాన్నిబట్టి అది తిరిగే కాలం తెలుస్తుంది. టెస్ పిక్సెల్ ఒక్కోటి 21 ఆర్క్‌సెకన్లు, కాబట్టి పక్క నక్షత్రం వెలుగు కలిసిందేమో గయా పటంలో ముందే సరిచూడాలి. నాలుగింటిలో రెండు నక్షత్రాలు ఒక రోజు లోపే తమ చుట్టూ తాము తిరుగుతున్నాయి. వాటిలో లిథియం ఎక్కువని ఇదివరకే నమోదైంది, అంటే వయసు తక్కువ. పుట్టుకతో వచ్చిన వేగం ఇంకా పోలేదు. వీటి రేడియోకు తోడు అవసరం లేదు.

మిగతా రెండు పెద్ద నక్షత్రాలు, రాక్షస దశకు (వయసు మళ్లి ఉబ్బే దశకు) చేరుతున్నవి. వీటిలో మార్పు నెమ్మదిగా ఉంది. టెస్ ఒక విభాగాన్ని చూసేది 27 రోజులే. 20 రోజుల ఆవర్తనాన్ని అందులో నమ్మకంగా కొలవలేం. పైగా విభాగం మధ్యలో డేటా దించేటప్పుడు ఖాళీ పడుతుంది, దాన్ని సరిచేసే ప్రోగ్రామే నెమ్మది మార్పును తుడిచేస్తుంది. నెలల తరబడి ఒకే చోటినుంచి చూడాలి. అందుకే డాబా ఎక్కాం.

దశ 6: డాబా మీద కెమెరా

సామగ్రి: పాత డీఎస్‌ఎల్‌ఆర్, 50 మిల్లీమీటర్ల లెన్సు, ట్రైపాడ్. నక్షత్రాన్ని వెంబడించే మోటారు లేదు. ఈ లెన్సుతో ఒక పిక్సెల్ సుమారు 18 ఆర్క్‌సెకన్లు. 5 సెకన్లలో నక్షత్రం 4 పిక్సెళ్లు జరుగుతుంది. ఫోకస్ కాస్త చెదరగొడితే ఆ జరుగుడు చుక్కలో కలిసిపోతుంది.

అసలు నక్షత్రాల మీదికి పోకుండా ముందు సిగ్మా జెమినోరమ్ మీద పరీక్షించాం. ఇది పునర్వసు తారల దగ్గరే ఉంది, కంటికి కనబడుతుంది. కక్ష్య 19.6 రోజులు. రేడియో, ఎక్స్-కిరణాలు రెండూ ఉన్నాయి. దీని తోడు ఎన్నో ఏళ్లు వేగం మార్పులోనే తెలిసింది. నేరుగా గుర్తించింది 2015లో, కాలిఫోర్నియాలోని ఛారా టెలిస్కోపులన్నిటినీ కలిపి చూశాక.

1. మొదటి పోలిక తార క్యాస్టర్. పనికిరాలేదు. అది తెల్లని తార, సిగ్మా నారింజ రంగుది. గాలి పొర దళసరి అయ్యేకొద్దీ రెండూ వేర్వేరుగా మసకబారుతాయి. ఒక్క రాత్రిలోనే 0.06 తరగతి వాలు వచ్చింది.
2. పోలిక తారను అయోటా జెమినోరమ్‌కు మార్చాం. రంగు దగ్గర, ఎడం దాదాపు 4 డిగ్రీలు. వాలు 0.02కు దిగింది.
3. ఆకుపచ్చ రంగు పిక్సెళ్లు మాత్రమే తీసుకుని, 20 బొమ్మల సగటు వాడాం.
4. సిగ్మా మన తల మీదికి దాదాపు 80 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ట్రైపాడ్ అంత ఎత్తు చూడలేదు. 55 నుంచి 70 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే తీయడం అలవాటు చేసుకున్నాం.

మహేంద్రతనయ పక్కన ఊరు కాబట్టి శీతాకాలం రాత్రుల్లో లెన్సు మీద మంచు పడుతుంది. బొమ్మ మొదట మసకై, తర్వాత పోలిక తార కూడా మాయమవుతుంది. దీనికి వేడి పట్టీ చేశాం. 330 ఓంల రెసిస్టర్లు 10 సమాంతరంగా కలిపితే మొత్తం 33 ఓంలు, 12 వోల్టులకు 4.4 వాట్లు. ఒక్కోదాని మీద 0.44 వాట్ పడుతుంది. తమ్ముడు చూసి, "అర వాట్‌వి ఎందుకెట్టినావక్కా? రాత్రంతా వదిలేస్తే మాడిపోతాయి. ఒక వాట్‌వి ఎట్టు" అన్నాడు. మార్చాం. గుడ్డ పట్టీలో కుట్టి లెన్సు చుట్టూ కడితే అద్దం పొడిగా ఉంటోంది. 7 ఆంపియర్-గంటల బ్యాటరీ రాత్రికి చాలు. కరెంటు పోయినా ఆగదు.

ఫిబ్రవరి తర్వాత కొండల మీద పోడు మంటల పొగ మొదలవుతుంది. ఆ రాత్రుల్లో పోలిక తారలే ఒకదానితో ఒకటి కుదరవు. రెండు పోలిక తారల మధ్య తేడా 0.03 దాటితే ఆ రాత్రి కొలతను తీసేయాలని నియమం పెట్టుకున్నాం.

ఇప్పటికి ఖర్చు: కెమెరా, లెన్సు సెకండ్ హ్యాండ్ రూ. 16,500. ట్రైపాడ్ 1,400. వేడి పట్టీ సామాన్లు 260. పాతపట్నంలో కొన్న బ్యాటరీ 950. మొత్తం రూ. 19,110.

సిగ్మా కొలతలను ఆవర్తనం వెతికే ప్రోగ్రాముకు ఇస్తే మొదట 9.8 రోజులు చెప్పింది. అసలు దానిలో సగం! దీనికి కారణం ఉంది. తోడు లాగడం వల్ల పెద్ద నక్షత్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. ఒక చుట్టులో రెండుసార్లు పక్కవాటుగా, రెండుసార్లు మొనగా కనబడుతుంది. మచ్చలు కూడా ఎదురెదురు వైపులా ఉంటే రెండు పల్లాలు వస్తాయి. అందుకని ప్రోగ్రాము చెప్పిన ఆవర్తనంతో పాటు దాని రెట్టింపుతో కూడా మడిచి (కొలతలన్నిటినీ ఒకే చుట్టు మీద పేర్చి) చూడాలి. 19.6 దగ్గర మడిస్తే రెండు పల్లాల లోతులు వేర్వేరుగా తేలాయి. అసలైన ఆవర్తనం అదేనని అప్పుడు నమ్మాం.

ఇప్పుడు ఎక్కడున్నాం

మిగిలిన రెండు రాక్షస తారల్లో ఒకటి 7వ తరగతిది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో దాని కొలతల చెదురు 0.05 తరగతి దాకా వస్తోంది. మార్పు కూడా అంతే ఉండడంతో ఆవర్తనం చెప్పలేం. 135 మిల్లీమీటర్ల లెన్సు వేస్తే నక్షత్రం 5 సెకన్లలో 10 పిక్సెళ్లు దాటి జరుగుతుంది కాబట్టి, ఎక్స్‌పోజర్ 2 సెకన్లకు దించి బొమ్మల సంఖ్య పెంచాలి. లేదా తలుపు బందు పద్ధతిలో, నక్షత్రాల వెంట కెమెరాను తిప్పే చెక్క ట్రాకర్ చేయాలి. తమ్ముడు స్టెప్పర్ మోటారు ఒకటి తీసిపెట్టాడు.

రెండోది 5వ తరగతిది. దానికి 14 రోజుల దగ్గర ఒక జాడ కనబడుతోంది. రెట్టింపైన 28తో మడిచినా దాదాపు అంతే బాగా కుదురుతోంది. చంద్రుడి నెలకు 28 మరీ దగ్గర. పున్నమి రోజుల్లో తీసిన కొలతలన్నీ పక్కన పెట్టి మళ్లీ లెక్క కట్టాలి. అందాకా పట్టికలో ఆ గడి ఖాళీ.

చివరి లెక్క: 12లో తోడు కారణం కాగలిగినవి 3, తోడు ఉండి సంబంధం తేలనివి 5, వయసు వల్ల చురుకైనవి 2, తేలనివి 2. వానలు వెళ్లి ఆకాశం తెరుచుకున్నాక మొదటి పని పున్నమి కొలతలు లేకుండా రెండోదాని వక్రం మళ్లీ గీయడం. ఆ 5కు వీలాస్ రెండో, మూడో విడతల బొమ్మలు తీసి, రేడియో బలం విడతకూ విడతకూ ఎంత మారిందో కూడా అప్పటిలోగా చూస్తాం.